ఈ ఎండ మా ఇంటిది కాదు

‘బొమ్మ చాలా బాగుందమ్మా. కానీ ఈ ఎండ మా ఇంటిది కాదు.’

గత నవంబరులో ఒక విశ్రాంత లెక్కల మాస్టారు ఫోనులో నాతో అన్న మాట ఇది. హైదరాబాదులో తొమ్మిదో అంతస్తులో ఉన్న వారి ఫ్లాటులో హాలు కొత్తగా చేయించుకుంటున్నారు. ఇంటీరియర్ డిజైనర్ స్కెచ్‌అప్ అనే సాఫ్ట్‌వేర్‌లో గది మోడల్ గీసి ఇస్తే, దాన్ని బ్లెండర్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, సామగ్రి, వెలుగు అమర్చి, పని పూర్తయ్యాక హాలు ఎలా ఉంటుందో ముందుగా చిత్రంగా చూపించడం నా వంతు. మా వాడుకలో దాన్ని రెండర్ అంటాం. మాస్టారికి పంపిన రెండర్‌లో వెలుగునీడలకు సంబంధించి ప్రధానంగా నాలుగు తప్పులు ఉన్నాయి. అందులో మూడు నాకు ముందే తెలుసు. గడువు దగ్గర పడడంతో వాటిని ఎలాగో కప్పిపెట్టి పంపించాను. నేను కప్పిన మూడూ ఆయనకు కనపడలేదు. నేను చూడనే చూడని నాలుగోదాన్ని ఆయన ఒక్క చూపులో పట్టుకున్నారు. సిగ్గుపడి, ఆ ఫైలును మళ్లీ మొదటి నుంచీ విప్పాను. ఆ విప్పడంలో తేలిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

నాకు ముందే తెలిసిన మూడింటిలో మొదటిది ఫాల్స్ సీలింగుది. హాలు చుట్టూ జిప్సం సీలింగుకు నాలుగంగుళాల కోవ్, అంటే దీపాలు దాచే సందు, ఉంది. అందులో పసుపు ఛాయ గల ఎల్‌ఈడీ స్ట్రిప్ పెట్టాను. రెండర్‌లో మాత్రం ఆ సందులోంచి తెల్లవారుజామున వచ్చేలాంటి నీలి వెలుగు కారుతోంది. రెండోది, కిటికీ పైమూల నుంచి గోడ మూలదాకా విసనకర్రలా పరచుకున్న బూడిదరంగు త్రికోణాలు. మూడోది, భోజనాల బల్ల దగ్గర ప్రతి కుర్చీకీ రెండేసి నీడలు. ఈ మూడింటినీ చూసి నేను చేసిన పని, ఈ వృత్తిలో చాలామంది చేసేదే: నచ్చని నీడ మీదికి ఇంకో లైటు తిప్పడం. నీలి వెలుగు కనపడకుండా స్ట్రిప్ బలం పెంచాను. త్రికోణాల మీద కనపడని లైటొకటి వేశాను. కుర్చీల నీడలు పలచబడడానికి బల్ల మీద మరొకటి వేలాడదీశాను. రెండు రాత్రులు పోయాయి. చివరికి గదిలో అసలు లైట్లు ఆరైతే, తప్పులు దాచడానికి పెట్టినవి ఐదు అయ్యాయి. ఏ వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో నాకే తెలియని స్థితి వచ్చింది.

ఫోను పెట్టేశాక ముందుగా చేసిన పని ఆ ఐదింటినీ తీసేయడం. ఆ తరువాత గదిని పూర్తిగా చీకటి చేశాను. లైట్లన్నీ ఆపి, ఆకాశాన్ని నలుపు చేసి, తనంతట తాను వెలిగే ప్రతి మెటీరియల్‌నూ మూసి రెండర్ చేస్తే తెరమీద నల్లటి చతురస్రం తప్ప ఏమీ రాకూడదు. నాకు వచ్చిన దాంట్లో టీవీ యూనిట్ వెనక సన్నటి తెల్లగీత ఒకటి మిగిలింది. ఆ యూనిట్ కోసం, ఎప్పుడో వేరే ఇంటికి చేసుకున్న బీరువాను నా పాత మోడళ్ల లైబ్రరీ నుంచి తెచ్చి వాడుకున్నాను. దాని వెనక చెక్కకు పాత ఎల్‌ఈడీ మెటీరియల్ అలాగే అంటుకుని ఉంది. మామూలు రెండర్‌లో అయితే దాన్ని జన్మలో పట్టుకోలేకపోయేదాన్ని.

చీకటి పరీక్ష అయ్యాక దానికి జోడీగా ఇంకొకటి ఉంది. ఈసారి ఆకాశం ఒక్కటే వెలిగించి, కిటికీలకూ తలుపులకూ లోపలి నుంచి మందమైన పలకలు అడ్డంపెట్టాలి. గది నీరు కారని కుండలాంటిదైతే బొమ్మ మళ్లీ నల్లగానే రావాలి. మా హాలు నల్లగా రాలేదు. కోవ్ చుట్టూ నీలి వెలుగు హాయిగా వెలుగుతూనే ఉంది. కెమెరాను ఎత్తి ఫాల్స్ సీలింగు పైకి తీసుకెళ్లి చూస్తే అక్కడ నేరుగా ఆకాశం కనిపించింది. డిజైనర్ గోడలను తొమ్మిదడుగుల మూడంగుళాల దగ్గర, అంటే సరిగ్గా జిప్సం సీలింగు ఎత్తు దగ్గర ఆపేశారు. పైన స్లాబే లేదు. వారి పనికి స్లాబుతో అవసరం లేదు కాబట్టి గీయలేదు. వెలుగుకు మాత్రం అది చాలా అవసరం. పైనుంచి దిగిన ఆకాశపు వెలుగు సీలింగు వెనక తిరిగి, కోవ్ సందులోంచి హాలులోకి జారుతోంది. గోడలను పదడుగులకు పెంచి, పైన ఐదంగుళాల మందంతో స్లాబు పరిస్తే నీలి వెలుగు మాయమైంది.

నిజానికి ఆ రంగు మొదటిరోజే నాకు జవాబు చెప్పింది, నేనే వినలేదు. గదిలో పెట్టిన కృత్రిమ దీపాలన్నీ పసుపు ఛాయవే అయినప్పుడు నీలంగా కనిపించే ఏ వెలుగైనా ఆకాశం నుంచే రావాలి. అందుకే ఇప్పుడు వింత వెలుగు ఏది కనిపించినా, దాని రంగు మన దీపాల్లో దేనికి సరిపోతుందో ముందు చూస్తాను. బ్లెండర్ 3.2 నుంచి లైట్ గ్రూపుల సౌకర్యం ఉంది. దానితో ఎండను, ఆకాశాన్ని, కోవ్‌ను, వేలాడే దీపాలను ఒకే రెండర్ నుంచి విడివిడి చిత్రాలుగా తీసుకోవచ్చు. వీ-రే అనే మరో రెండరింగ్ సాఫ్ట్‌వేర్ వాడే మిత్రులకు 5వ వెర్షన్ నుంచి లైట్‌మిక్స్ అదే పని చేసిపెడుతుంది. నేరస్థుణ్ణి వరుసలో నిలబెట్టి గుర్తుపట్టినట్టే ఉంటుంది.

స్లాబు లేకపోవడానికి తోబుట్టువులాంటి తప్పు ఇంకొకటి ఉంది. చిన్న గదిలో కెమెరా వెనక్కి జరగడానికి చోటు చాలక, కెమెరా వెనక ఉన్న గోడను చెరిపేస్తారు. కెమెరాకు దారి దొరుకుతుంది. దానితోపాటు పది అడుగుల వెడల్పున ఆకాశం కూడా లోపలికి వస్తుంది. అప్పుడు గదిలో నీడలన్నీ చచ్చుబడి, ఫ్లాష్‌తో తీసిన పెళ్లి ఫొటోలా బల్లపరుపుగా కనిపిస్తుంది. గోడను ఉంచి, కెమెరాకు క్లిప్ స్టార్ట్ దూరం, అంటే అది ఎంత దూరం నుంచి చూడడం మొదలుపెట్టాలన్నది, పెంచితే చాలు. బ్లెండర్‌లో చిత్రాన్ని లెక్కగట్టే సైకిల్స్ అనే ఇంజిన్‌లో ఆ కోత కెమెరా చూపుకే వర్తిస్తుంది; వెలుగుకు గోడ గోడలాగే అడ్డుంటుంది. వంటగదులు, పూజగదులు చేసేటప్పుడు నేను దీన్ని తప్పనిసరిగా వాడతాను.

ఇక బూడిదరంగు త్రికోణాలు. ఇవి సామగ్రి వల్ల వచ్చాయా, ఆకారం వల్ల వచ్చాయా అన్నది తేల్చుకోవడానికి గదిలో ఉన్న వస్తువులన్నిటికీ ఒకే బూడిదరంగు మట్టి పూసినట్టు మెటీరియల్ ఓవర్‌రైడ్ చేశాను. అద్దం కూడా మట్టిగా మారి వెలుగును ఆపేస్తుంది కాబట్టి, ఆ పని చేసేముందు అద్దాలను దాచాలి. టేకు చెక్క పోయింది, సోఫా రంగు పోయింది, త్రికోణాలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. అంటే తప్పు రంగులో లేదు, గోడలోనే ఉంది.

ఒక తలం ఎటు చూస్తోందో చెప్పే ఊహారేఖను నార్మల్ అంటాం. వెలుగు ఆ తలం మీద ఎంత పడుతుందో నిర్ణయించేది అదే. కుండలాంటి గుండ్రటి వస్తువుకు ముఖాల మధ్య అతుకులు కనపడకుండా నార్మళ్లను ఒకదాన్నుంచి మరొకదానికి మెల్లగా వంచుతాం. అదే స్మూత్ షేడింగ్. చదునైన గోడకు దాన్ని పెడితే, ఆ గోడలో కిటికీ కోసం బూలియన్‌తో (ఒక ఆకారంతో మరొకదాన్ని కోసే పనిముట్టుతో) రంధ్రం కోస్తే, కోసిన మూలల్లో గోడ నార్మలూ కిటికీ పక్కగోడ నార్మలూ కలగలిసిపోతాయి. గోడ చదునుగానే ఉంటుంది గానీ వంగినట్టుగా వెలుగును తీసుకుంటుంది. ఆ వంపు కిటికీ మూల నుంచి గోడ మూలదాకా త్రికోణంగా పరచుకుంటుంది. గోడలకు ఫ్లాట్ షేడింగ్ పెట్టగానే అవి పోయాయి. రెండు నిమిషాల పని. దీనికోసం నేను ఒక రాత్రంతా లైట్లు జరిపాను.

అదే గోడ మీద వాల్‌పేపర్ ప్యానెల్ దగ్గర మరో రకం మచ్చలు కనిపించాయి, మినప్పప్పు పొట్టు చల్లినట్టుగా. ప్యానెల్ ముఖమూ గోడ ముఖమూ ఒకే తలంలో ఉన్నాయి. కిరణం వచ్చి తగిలినప్పుడు ముందున్నది ఏదో తేల్చుకోలేక రెండరర్ ఒకచోట ఒకదాన్ని, పక్కన మరొకదాన్ని ఎంచుకుంటుంది. ప్యానెల్‌ను రెండు మిల్లీమీటర్లు ముందుకు జరిపితే సరిపోయింది. స్కర్టింగు, తివాచీ, ఫొటో ఫ్రేముల వెనక ఇదే తప్పు తరచూ దాగి ఉంటుంది.

ఈ ఇంట్లో రాకపోయినా, కొలతల తప్పు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే దాని లక్షణం చాలా తమాషాగా ఉంటుంది. అంగుళాల్లో గీసిన మోడల్‌ను మీటర్లుగా దింపుకుంటే ఇల్లు 39.37 రెట్లు పెద్దదవుతుంది. బల్బు వెలుగు దూరం వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, అదే వాట్ల బల్బు గోడ మీద సుమారు 1550వ వంతు వెలుగే ఇస్తుంది. ఎండకు మాత్రం ఏమీ కాదు. సూర్యుడి దీపానికి దూరంతో పని లేదు. అందువల్ల పగటి దృశ్యం చక్కగా ఉండి, రాత్రి దృశ్యంలో దీపాలు ఎంత పెంచినా వెలగకపోతే, దీపాలను వదిలి టేపు తీసుకుని గుమ్మం ఎత్తు కొలవండి. గుమ్మం ఏడడుగులు కాకుండా గాలిగోపురమంత ఉంటుంది.

మూడోదైన జంట నీడలకు కారణం చిన్నది. ఆకాశం కోసం నేను వాడిన హెచ్‌డీఆర్‌ఐ చిత్రంలో (నిజమైన ఆకాశాన్ని దాని వెలుగుతో సహా బంధించిన ఫొటోలో) సూర్యుడు ఉన్నాడు. అది చాలదన్నట్టు విడిగా సూర్యుడి దీపం ఒకటి పెట్టాను. ఒక ఇంటికి ఇద్దరు సూర్యులు. హెచ్‌డీఆర్‌ఐ తీసేసి, ఎండలేని మామూలు ఆకాశాన్ని పెట్టుకుంటే ప్రతి కుర్చీకీ ఒక నీడే మిగిలింది. దాంతోపాటే ఇంకో సంగతి బయటపడింది. మిగిలిన ఆ ఒక్క నీడ బ్లేడుతో కోసినట్టు ఉంది.

మాస్టారి హాలుకు దక్షిణంవైపు నేలదాకా దిగిన స్లైడింగ్ అద్దాల తలుపు ఉంది, బయట పన్నెండు మిల్లీమీటర్ల చువ్వలతో గ్రిల్. రెండర్‌లో ఆ చువ్వల నీడలు తలుపు దగ్గర ఎంత నల్లగా ఉన్నాయో, హాలు మధ్యలోనూ అంతే నల్లగా, అంతే పదునుగా ఉన్నాయి. మన కంటికి సూర్యుడు చుక్క కాదు, బిళ్ళ. ఆ బిళ్ళ వెడల్పు అర డిగ్రీకి కాస్త ఎక్కువ, దాదాపు 0.53 డిగ్రీలు. దానివల్ల వస్తువుకూ నీడకూ మధ్య ప్రతి మీటరు దూరానికి నీడ అంచు సుమారు 9 మిల్లీమీటర్ల మేర చెదురుతుంది. లెక్క వేస్తే, పన్నెండు మిల్లీమీటర్ల చువ్వ నీడలో నల్లటి నడిమి భాగం 1.3 మీటర్ల దగ్గర పూర్తిగా అంతరించి, అక్కడి నుంచి పలచటి చార మాత్రమే మిగలాలి. ఈ మాట నమ్మకపోతే పొద్దున్నే మీ ఇంట్లో కిటికీ చువ్వల నీడను గోడ దాకా వెంబడించి చూడండి. చువ్వకు దగ్గరలో గీత, దూరాన పొగ. బ్లెండర్‌లో సూర్యుడి దీపానికి ఈ వెడల్పును కోణంగా ఇస్తాం. నా పాత ఫైలు నుంచి తెచ్చుకున్న దీపంలో అది 0 గా ఉండిపోయింది. 0.53 అని రాయగానే నేల మీద ఎండకు ప్రాణం వచ్చింది. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన మార్పు ఇదే.

అద్దం గురించి కూడా చెప్పాలి. తలుపు మూసి రెండర్ చేస్తే ఎండ దాదాపు లేకుండా పోయింది, తెరిస్తే వచ్చింది. సైకిల్స్‌లో నిజమైన గాజు షేడర్‌కు నీడ పడుతుంది. వెలుగు అందులోంచి వంగి వెళ్లే దారిని రెండరర్ యాదృచ్ఛికంగానే తప్ప కనుక్కోలేదు. కనుక్కున్నప్పుడల్లా ఒక తెల్లచుక్క మిగులుతుంది. మామూలు కిటికీ గాజు తనమీద పడిన వెలుగులో 80 నుంచి 90 శాతాన్ని లోపలికి వదులుతుంది కదా. అందుకే నీడ ఉందో లేదో చూడడానికి వెళ్లే కిరణానికి మాత్రం ఆ గాజు పారదర్శకంగా కనిపించేలా లైట్ పాత్ నోడ్ అనే అమరికతో దారి చూపించాలి. పైగా గాజును ఒంటి పొరగా కాకుండా ఐదారు మిల్లీమీటర్ల మందంతో రెండు ముఖాలుగా గీయాలి. లేకపోతే రెండరర్ లెక్కలో హాలంతా గాజుముద్దలో మునిగి ఉన్నట్టే.

ఇంతవరకూ నాకు నేనే పట్టుకున్న తప్పులు. మాస్టారు పట్టుకున్నది వేరు.

‘ఎండ మీ ఇంటిది కాదంటే ఎట్లాగండీ మాస్టారూ?’ అని అడిగాను.

‘పన్నెండేళ్లుగా ఈ హాల్లో కూర్చుంటున్నానమ్మా. ఎంత చలికాలమైనా మధ్యాహ్నం ఎండ తలుపు దగ్గర మూడడుగులు దాటి లోపలికి రాదు. మా ఆవిడ వడియాలు పెట్టే గుడ్డ సరిగ్గా అంతవరకే పరుస్తుంది. నీ బొమ్మలో ఎండ టీవీ దాకా పోయింది.’

డిసెంబరు మధ్యాహ్నం దృశ్యం కావాలని డిజైనర్ అడిగారు. వారు పంపిన స్కెచ్‌అప్ తెరచిత్రంలో నీడలు ఎలా ఉన్నాయో చూసి, నా సూర్యుణ్ణి అదే కోణానికి తిప్పాను. ఆ నీడలు ఏ ఊరివో అడగాలని తోచలేదు. స్కెచ్‌అప్‌లో మనం ఊరు చెప్పకపోతే అది ఇంటిని అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, బౌల్డర్ నగరంలో ఉన్నట్టుగా లెక్కిస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ పుట్టిన ఊరు అది. బౌల్డర్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హైదరాబాదు 17.4 మీద. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు బౌల్డర్‌లో క్షితిజం నుంచి 26.6 డిగ్రీల ఎత్తుకే వస్తాడు, హైదరాబాదులో 49 డిగ్రీలు దాటుతాడు. తలుపు లింటెల్ ఏడడుగుల ఎత్తున ఉంటే, గోడ బయటి అంచు నుంచి కొలిచినప్పుడు బౌల్డర్ ఎండ 14 అడుగులు లోపలికి వస్తుంది. మన ఎండ 6 అడుగుల దగ్గర ఆగిపోతుంది. మాస్టారి హాల్లో నేను పరిచింది బౌల్డర్ ఎండ.

తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఊరు అడిగే గడి దాంట్లోనే ఉంది, నింపాల్సింది మనం.

ఊరు సరిచేశాక కూడా ఎండ ఆరడుగులు లోపలికి వచ్చింది. మాస్టారు చెప్పిన మూడడుగులకు ఇంకా చాలా దూరం. గోడ మందం తొమ్మిదంగుళాలు తీసేసినా ఐదడుగుల పైనే. అప్పుడు ఆయన్ను అడిగితే తెలిసింది, తలుపు పైన బయట రెండడుగుల సజ్జ ఉందని. లోపలి పనికి బయటి సజ్జ ఎందుకని మోడల్‌లో ఎవరూ గీయలేదు. స్లాబు విషయంలో జరిగిందే ఇక్కడా జరిగింది. సజ్జ గీయగానే ఎండ మరో రెండడుగులు వెనక్కి తగ్గి, గోడ లోపలి అంచు నుంచి మూడడుగుల మూడున్నర అంగుళాల దగ్గర నిలిచింది. ఈ అనుభవం తరువాత, ఎండ పడే దృశ్యం ఏదైనా సరే, సజ్జ కొలత, బాల్కనీ లోతు, ఎదుటి భవనం ఎత్తు తెలియకుండా మొదలుపెట్టడం మానేశాను. ఎదుటి బ్లాకును ఒట్టి పెట్టెగా పెట్టినా చాలు. దానికి లేత రంగు ఇస్తే అక్కడి గోడ మీద పడి వెనక్కి వచ్చే వెలుగు కూడా దొరుకుతుంది.

ఊరితోపాటు దిక్కు కూడా అంతే ముఖ్యం. డ్రాయింగుల్లో సింహద్వారం కాగితం కిందివైపు వచ్చేలా ప్లానును తిప్పి గీయడం మామూలు. ఉత్తరం బాణం కాగితం మీదే ఆగిపోతుంది, మోడల్‌లోకి రాదు. విజయవాడలో ఒక ఇంటికి ఇలాగే మార్గశిర మాసంలో ఉత్తరపు కిటికీలోంచి మిట్టమధ్యాహ్నపు ఎండ పరిచాను. మన ఇళ్లవాళ్లకు వాస్తు పుణ్యమా అని ఏ గది ఏ మూలనుందో నిద్రలో లేపి అడిగినా తెలుసు. రెండర్లో చెక్క రంగు తేడా వస్తే క్షమిస్తారేమో గానీ, ఈశాన్యంలో సాయంత్రపు ఎండ పడితే ఊరుకోరు.

అయితే తప్పుగా కనిపించే ఎండ ఒక్కోసారి నిజమైనదే అవుతుంది. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలోనూ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పాతిన కర్రకు ఆ క్షణాన పక్కకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరంవైపున ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. జూన్ నెలాఖరులో సూర్యోదయం తిన్నని తూర్పు నుంచి ఉత్తరానికి దాదాపు 25 డిగ్రీలు జరిగి ఉంటుంది. డిసెంబరులో అంతే దక్షిణానికి. కాబట్టి జూన్ ఉదయం ఉత్తరపు కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడితే దాన్ని సరిచేయకూడదు. ఇంటివారికి ఆ సంగతి వివరించాలి.

రంగు అంటుకోవడమూ అలాంటిదే. మాస్టారి హాల్లో మెరూన్ సోఫా వెనక తెల్లగోడకు గులాబీ ఛాయ వచ్చింది. డిజైనర్ దాన్ని తప్పన్నారు, నేను కాదన్నాను. 1984లో కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక పక్క ఎర్రగోడ ఉన్న చిన్న పెట్టెను లెక్కగట్టి చూపించింది ఈ గుణాన్నే. ఎర్రటి తలం మీద పడిన వెలుగు పక్కనున్న తెల్ల తలానికి ఎర్రదనాన్ని మోసుకెళ్తుంది. ఆ గుణం ఉండటం వల్లే గది గదిలా కనిపిస్తుంది. కానీ ఎంత అన్నది చూడాలి. సోఫా రంగును కంప్యూటర్ తెరలో కనిపించేంత గాఢంగా పెట్టేస్తే, గోడకు నిజంగా ఏ బట్టా ఇవ్వనంత గులాబీ వస్తుంది. గోడలకు 255 తెలుపు, అంటే కంప్యూటర్‌లో ఉండే పూర్తి తెలుపు, పెట్టడమూ ఇంతే. తనమీద పడిన వెలుగునంతా తిరగ్గొట్టే సున్నం లోకంలో లేదు. అలాంటి గోడల మధ్య వెలుగు అలసిపోకుండా తిరుగుతూ మూలల్లో నీడే మిగల్చదు. పడిన వెలుగులో 0.8 వంతే తిరగ్గొట్టేలా ఆపితే మూలల్లో నీడలు వాటంతట అవే దిగుతాయి.

మిగిలిన చిన్నాచితకా సంగతులు తొందరగా చెప్తాను. పూజగదిలో ఇత్తడి కుందుల మీద మిణుగురుల్లా చిమ్మిన తెల్లచుక్కలు, ప్రమిద జ్వాలకు ఇచ్చిన బుల్లి వెలుగు ఇత్తడిలో ప్రతిఫలించడం వల్ల వచ్చాయి. జ్వాలను కంటికి కనిపించేందుకు మాత్రమే ఉంచి, అసలు వెలుగుకు దాని స్థానంలో చిన్న పాయింట్ లైటు పెట్టాను. పరోక్ష వెలుగుకు క్లాంప్, అంటే గరిష్ఠ హద్దు, కాస్త తగ్గిస్తే మిగతావి కూడా పోయాయి; మరీ తగ్గిస్తే గది మసకబారుతుంది. సీలింగు మీద తడి ఆరిన మరకల్లాంటివి కనిపిస్తే అవి నీడలు కావు, చాలినన్ని శాంపిల్స్ (ఒక్కో చుక్కకు వదిలే కిరణాలు) లేని చిత్రాన్ని డీనాయిజర్ (చిత్రంలో గరుకును తుడిచే సాధనం) తనకు తోచినట్టు పూడ్చిన ఆనవాళ్లు. డీనాయిజర్ ఆపి ఒకసారి చూస్తే గుట్టు తెలుస్తుంది. తలుపు దగ్గర ఎండ తెల్లగా కాలిపోయి, సోఫా కింద నల్లగా గుంటపడితే లైట్లను ముట్టుకోవద్దు. నేరుగా పడే ఎండ లక్ష లక్సులకు దగ్గరగా ఉంటుంది, హాలు లోపల రెండు మూడు వందలే. అంత తేడాను స్టాండర్డ్ అనే పాత రంగు మార్పిడి పట్టుకోలేదు. బ్లెండర్‌లో 2.80 నుంచి ఫిల్మిక్, 4.0 నుంచి ఏజీఎక్స్ అనే రంగు మార్పిడులు కొత్త ఫైళ్లకు తమంతట తామే వస్తాయి. కానీ నాలాగా ఏళ్లనాటి ఫైలునే మూసగా వాడుకునేవారికి పాత అమరికే వెంట వస్తుంది.

సరిచేసిన రెండర్‌ను నవంబరు చివర్లో పంపించాను. కప్పిపెట్టిన మూడు తప్పుల సంగతి కూడా ఒప్పుకుంటూ రాశాను. ‘ఇప్పుడు మా ఇల్లే’ అని జవాబు వచ్చింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

డిసెంబరు 21న మధ్యాహ్నం వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. మాస్టారు నేల మీద స్టీలు టేపు పరిచి, ఎండ అంచు దగ్గర వేలు పెట్టి తీయించుకున్నారు. పక్కన గుడ్డ మీద సగం ఆరిన వడియాలు. సరిగ్గా పన్నెండుంబావుకు కొలిచారట, మన గడియారం అలహాబాదు (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) దగ్గరి రేఖాంశం ప్రకారం నడుస్తుంది కాబట్టి హైదరాబాదులో సూర్యుడు నడిమింటికి రావడం ఆ వేళకేనని కింద రాశారు. టేపు మీద మూడడుగుల రెండంగుళాల చిల్లర. ‘నీ లెక్క మూడడుగుల మూడున్నర. ఒకటిన్నర అంగుళం ఎక్కడ పోయిందమ్మా?’

ఆ సాయంత్రం మోడల్ తెరిచి కొలిచాను. లింటెల్ ఏడడుగులన్నది స్లాబు మీద నుంచి తీసుకున్న కొలత. మాస్టారి ఇంట్లో స్లాబు మీద మాలు, దాని మీద టైలు కలిపి రెండంగుళాల ఫ్లోరింగ్ ఉంది. నా నేల అంత కిందకు ఉంది. ఫ్లోరింగును రెండంగుళాలు లేపి మళ్లీ రెండర్ చేస్తే ఎండ అంచు అంగుళంన్నరకు పైగా తలుపువైపు జరిగింది. ఆ చిత్రాన్ని ఆయనకు పంపి పడుకున్నాను.